ఈసుకుపోయిన పశువుకు చికిత్స: వృత్తినీతి, చట్టం, స్వీయరక్షణ

చూడి ఆరు నెలలు దాటిన పశువు ఈసుకుపోయి మాయ వేయనప్పుడు, దానిని వెంటనే చేతితో తీసివేయమని రైతులు కోరుతుంటారు. ఇటువంటి ప్రతి పశువునూ, పరీక్షలో కాదని తేలేవరకు, బ్రూసెల్లోసిస్ (ఈసుడు రోగం) సోకినదిగానే భావించి వ్యవహరించాలి. పశువైద్యుని స్వీయరక్షణ, చట్టబద్ధమైన విధి, వృత్తినీతి అనే మూడు అంశాలూ ఈ సందర్భంలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

వ్యాధి సోకే విధానం

పశువులలో ఈ వ్యాధిని ప్రధానంగా బ్రూసెల్లా అబార్టస్ అనే బాక్టీరియా కలిగిస్తుంది. ఈసుకుపోయిన పిండం, మాయ, గర్భాశయ స్రావాలలో ఈ సూక్ష్మజీవులు అత్యధికంగా ఉంటాయి. చర్మంపై గల చిన్న గాయాలు, కంటిపొర, శ్వాసమార్గం ద్వారా ఇవి మనిషిలో ప్రవేశిస్తాయి. సాధారణంగా 2 నుండి 4 వారాలలో, ఒక్కొక్కసారి కొన్ని నెలల తరువాత, విడిచి విడిచి వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ళ నొప్పులు, నడుము నొప్పి కనిపిస్తాయి. మలేరియా, టైఫాయిడ్ జ్వరాలతో పోలిక ఉన్నందున వ్యాధి నిర్ధారణ ఆలస్యమవుతుంది. అందువలన జ్వరం వచ్చిన పశువైద్య సిబ్బంది తమ వృత్తిని వైద్యునికి తప్పక తెలియజేయాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

1. భుజం వరకు వచ్చే చేతి తొడుగులు, ముఖ తొడుగు, కంటి అద్దాలు, ఏప్రాన్, గమ్ బూట్లు లేకుండా పశువును పరీక్షించరాదు. గర్భవతులైన సిబ్బందికి, కుటుంబ సభ్యులకు ఈ పని అప్పగించరాదు.

2. మాయను బలవంతంగా లాగరాదు. అలా లాగితే గర్భాశయం దెబ్బతింటుంది, చికిత్స చేసేవారికి ప్రమాదం పెరుగుతుంది. ఈ కారణాన్ని రైతుకు వివరించి, పశువు స్థితిని బట్టి చికిత్స చేయాలి.

3. పిండాన్ని, మాయను కుక్కలకు అందకుండా, నీటి వనరులకు దూరంగా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

4. ఎస్-19 టీకాను 4 నుండి 8 నెలల వయస్సు గల పెయ్య దూడలకు మాత్రమే ఒకసారి వేయాలి. ఇది జీవించి ఉన్న బాక్టీరియాతో తయారైన టీకా. సూది గుచ్చుకున్నా, మందు కంట్లో పడినా వెంటనే శుభ్రంగా కడిగి, టీకా పేరు చెప్పి వైద్యుని సంప్రదించాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు.

చట్టం విధించిన బాధ్యతలు

భారత పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షన్ ప్రకారం చికిత్స చేయుటకు, పశువు ఆరోగ్య ధ్రువపత్రంపై సంతకం చేయుటకు నమోదైన పశువైద్యులకే అధికారం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన సహాయక సిబ్బంది వారి పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయవచ్చు. కాబట్టి సహాయకుని తొడుగులు లేకుండా ఈ పనికి పంపడం పర్యవేక్షణ బాధ్యతను విస్మరించడమే అవుతుంది. జంతువులలో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 పట్టికలో బ్రూసెల్లోసిస్ ఉంది. వ్యాధి అనుమానం కలిగినప్పుడు తెలియజేయడం, పశువును మంద నుండి వేరుచేయడం విధి. వ్యాధి సోకినదని తెలిసిన పశువును సంతకు తీసుకురావడం నిషిద్ధం. జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 పశువైద్యశాలలకు కూడా వర్తిస్తాయి. వాడిన సూదులను పంక్చర్ కాని తెల్లని పాత్రలో వేయాలి.

వృత్తినీతి పరీక్ష

పరీక్షలో వ్యాధి ఉన్నట్లు తేలిన పాడి పశువును, సంగతి బయటపడకముందే అమ్ముకోవాలని రైతు భావించవచ్చు. వేల రూపాయల నష్టాన్ని ఎదుర్కొంటున్న అతని బాధ అర్థం చేసుకోదగినదే. రైతు వివరాలను ఊరిలో ప్రచారం చేయకుండా కాపాడటం పశువైద్యుని ధర్మం. కాని ఆ గోప్యత, కొనుగోలుదారుని మందకు, కుటుంబానికి వ్యాధిని చేరవేయడానికి సాధనం కారాదు. అధికారులకు నివేదించడం రైతు నమ్మకాన్ని వమ్ము చేయడం కాదు. అటువంటి పశువుకు ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వడం మాత్రం వృత్తికే ద్రోహం. పాలు కాచి త్రాగాలని, మందలోని మిగిలిన పశువులకు పరీక్ష చేయించాలని, పెయ్య దూడలకు టీకా వేయించాలని చెప్పి రైతుకు అండగా నిలవాలి.

తొడుగులు ధరించి పనిచేసే పశువైద్యుని చూచి రైతు కూడా ఈ వ్యాధి తీవ్రతను గ్రహిస్తాడు. ఒట్టి చేతులతో పనిచేయడం ధైర్యానికి గుర్తు కాదు, అది చూచి రైతు కుటుంబం కూడా అదే అలవాటు చేసుకునే ప్రమాదం ఉంది. కనుక ప్రతి పశువైద్యశాలలో, గ్రామాలకు వెళ్ళే ప్రతి సంచిలో రక్షణ సామగ్రిని మందులతో సమానంగా సిద్ధంగా ఉంచుకోవాలి.