అప్పుతో పాటు అంటగట్టిన బీమా

బ్యాంకులో అప్పు అడుగుతాం. లక్ష రూపాయలు మంజూరు అయిందని చెబుతారు. కానీ చేతికి లక్ష రాదు. కొంత తగ్గుతుంది. ఎందుకు తగ్గింది? ఆ డబ్బు ఎటు పోయింది? చాలామంది అడగరు. అప్పు దొరికిందే పదివేలు అనుకుని ఇంటికి వస్తారు.

ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో ఉంది. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద వస్తుంది. ఇక్కడి పెద్ద చెరువు అందరికీ తెలుసు. దండుమైలారం, రాయపోలు, పోల్కంపల్లి, ఎలిమినేడు వంటి ఊళ్లు ఈ మండలంలోనివే. ఇక్కడి పాలు, కూరగాయలు పట్నం పోతాయి. బర్రెలకు, బోరుకు, ఆటోకు, కిరాణా కొట్టుకు జనం అప్పులు తీసుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ మండలంలో ఒక అక్క బర్రె కోసం అప్పు తీసుకుంది అనుకుందాం. లక్ష రూపాయలు మంజూరు అయింది. ఖాతాలో పడింది 88 వేలు. బర్రె బేరం లక్షకు కుదిరింది. ఇంకా 12 వేలు కావాలి. నూటికి మూడు రూపాయల మిత్తికి షావుకారు దగ్గర తెచ్చింది. అంటే నెలకు 360 రూపాయలు మిత్తి. పాలు అమ్మిన డబ్బులో మొదటి వాటా షావుకారుకే పోయింది.

సంఘం లెక్కలు రాసే చెల్లె ఒకనాడు ఆమె పాసుబుక్కు చూసింది.

"అక్కా, 12 వేలు ఎందుకు కోసిండ్రు?"

"ఏమో చెల్లె. ఖర్చులు అన్నరు. సంతకాలు పెట్టమన్నరు, పెట్టిన."

"కాగితాలు ఏమన్న ఇచ్చిండ్రా?"

"పోస్టుల ఒక పుస్తకం వచ్చింది. ఇంగిలీషుల ఉన్నది. సందుకల పెట్టిన."

ఆ పుస్తకం తెరిస్తే సంగతి బయటపడింది. బర్రె బీమాకు 3,500 పోయింది. బ్యాంకు రుసుముకు 500 పోయింది. మిగిలిన 8,000 అక్క పేరు మీద జీవిత బీమా. అదీ ఒక్కసారి కట్టి ఊరుకునేది కాదు. ఏటా 8,000 చొప్పున పదేళ్లు కట్టాలి.

"నాకు డిపాజిట్ అని చెప్పిండ్రు. అయిదేండ్లకు రెండింతలు అయితదన్నరు. ఏటేటా కట్టాలంటే నేను యాడికెల్లి తేవాలె?"

రెండో ఏడు కట్టకపోతే పాలసీ ఆగిపోతుంది. కట్టిన డబ్బులో చాలా భాగం పోతుంది. ఇంకో లెక్క కూడా చూడాలి. అప్పు లక్ష మీద రాసుకున్నారు. కాబట్టి ఆ 8,000 మీద కూడా బ్యాంకుకు వడ్డీ కట్టాలి. నూటికి ఏడాదికి 12 అయితే 960 రూపాయలు. తాను అడగని దానికి డబ్బు పోయింది. పోయిన డబ్బుకు వడ్డీ కూడా పడింది.

ఏది న్యాయం, ఏది కాదు?

బీమా అంటే మోసం అని అనుకోకూడదు. ఈ లెక్కలో బర్రె బీమా పనికొచ్చేదే. అప్పుతో కొన్న పశువుకు బీమా ఉండాలని బ్యాంకు అడగవచ్చు. పశువుకు చెవి బిళ్ల వేస్తారు. బర్రె చనిపోతే ఆ బిళ్ల జాగ్రత్తగా ఉంచాలి. వెంటనే కంపెనీకి, పశువుల డాక్టరుకు చెప్పాలి. అప్పుడే డబ్బు వస్తుంది. బండి కొంటే దానికీ బీమా ఉండాలని చట్టమే చెబుతుంది.

మనిషి పేరు మీద జీవిత బీమా సంగతి వేరు. అది కొనడం, మానడం మన ఇష్టం. "బీమా తీసుకుంటేనే అప్పు" అని బ్యాంకు అనకూడదు. ఫలానా కంపెనీదే కొనాలని కూడా బలవంతం చేయకూడదు. ఇది రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. అయినా కొన్ని చోట్ల అంటగడతారు. ఎందుకు? పాలసీ అమ్మితే బ్యాంకుకు కమీషన్ వస్తుంది. ఇన్ని పాలసీలు అమ్మాలని సిబ్బందికి పైనుంచి లెక్క పెడతారు. అప్పు కోసం ఎదురు చూసేవాళ్లు కాదనలేరని వాళ్లకు తెలుసు. బల్లకు అవతల కూర్చున్న మనిషి చెడ్డవాడు కాకపోవచ్చు. కానీ నష్టం మాత్రం ఇవతలి మనిషిదే.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. ఇంగ్లండులో కూడా బ్యాంకులు ఇట్లాగే చేశాయి. అప్పు తీసుకున్నవారికి జబ్బు చేసినా, పని పోయినా కిస్తీలు కట్టే బీమా అని అమ్మాయి. తమకు ఆ బీమా ఉందని కొందరికి తెలియనే తెలియదు. సొంత పని చేసుకునేవారికి కూడా అమ్మారు. వాళ్లలో చాలామందికి దానివల్ల డబ్బు వచ్చే వీలే లేదు. జనం ఫిర్యాదులు చేశారు. 2011లో అక్కడి హైకోర్టులో బ్యాంకులు ఓడిపోయాయి. ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 ఆఖరి రోజుగా పెట్టారు. మొత్తం 3,800 కోట్ల పౌండ్లకు పైగా జనానికి తిరిగి వచ్చింది. మన డబ్బులో అది మూడు లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. కాగితం రాసి అడిగినవారికే అందులో ఎక్కువ భాగం దక్కింది.

ముప్పై రోజుల గడువు

మన దేశంలో బీమా కంపెనీల మీద అదుపు ఉన్న సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. దాని పెద్ద ఆఫీసు దూరాన ఢిల్లీలో లేదు. హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలి వైపు నానక్‌రామ్‌గూడలో ఉంది. జీవిత బీమా పాలసీ కాగితాలు చేతికి వచ్చాక చూసుకోవడానికి ఆ సంస్థ గడువు పెట్టింది. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. పూర్వం ఇది చాలా పాలసీలకు 15 రోజులే. 2024 ఏప్రిల్ 1 నుంచి 30 రోజులు చేశారు.

ఈ 30 రోజుల లోపల "నాకు ఈ పాలసీ వద్దు" అని రాసి ఇవ్వవచ్చు. అప్పుడు కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వాలి. బీమా ఉన్న ఆ కొద్ది రోజుల ఖర్చు, స్టాంపు ఖర్చు, డాక్టరు పరీక్ష చేసి ఉంటే దాని ఖర్చు పట్టుకుంటారు. మిగతాది వాపసు వస్తుంది. ఉత్తరం బీమా కంపెనీకి రాయాలి. ఒక నకలు బ్యాంకుకు ఇవ్వాలి. "బ్యాంకుల చెప్పిన, సారు చూస్తనన్నడు" అని ఊరుకుంటే రోజులు గడిచిపోతాయి. నోటిమాటకు తేదీ ఉండదు. కాగితానికి ఉంటుంది.

అందుకే పోస్టులో వచ్చిన పుస్తకాన్ని సందుకలో పెట్టకూడదు. వచ్చిన రోజే దాని మీద తేదీ రాసుకోవాలి. కవరు కూడా దాచుకోవాలి. ఈ రోజుల్లో కొన్ని పాలసీలు ఫోనుకే వస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే వాళ్లతో చూపించుకోవాలి.

పాలసీ ఇచ్చేటప్పుడు కంపెనీ వాళ్లు ఫోను చేస్తారు. "అన్నీ తెలిసే కొన్నారా?" అని అడుగుతారు. అన్నింటికీ అవునని చెప్పమని అమ్మినవారు ముందే నేర్పుతారు. అట్లా చెప్పకూడదు. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు కూడా వేలిముద్ర లాంటిదే. ఎందుకో తెలియకుండా చెప్పకూడదు.

గడువు దాటితే

గడువు దాటినా దారి మూసుకుపోదు. కాస్త కష్టం, అంతే. ముందు బీమా కంపెనీకి ఫిర్యాదు రాయాలి. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అని వివరంగా రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వారికి ఈ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు. వకీలు అక్కర లేదు. కంపెనీ కాదన్న తరువాత ఏడాది లోపల పోవాలి. ఐ.ఆర్.డి.ఏ.ఐ. వారి ఫోను నంబరు 155255. దానికీ డబ్బులు పడవు.

తప్పు బ్యాంకుదైతే బ్యాంకు మేనేజరుకు రాసి ఇవ్వాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. దాని నంబరు 14448. ఇవి కాక జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ రుసుము కట్టనక్కరలేదు.

దళారుల మాట ఒకటి. "మీ పాలసీ డబ్బు మేం ఇప్పిస్తాం, ముందు ఇంత పంపండి" అని కొందరు ఫోను చేస్తారు. ఐ.ఆర్.డి.ఏ.ఐ. నుంచి అని కూడా చెబుతారు. ఆ సంస్థ ఎవరికీ పాలసీలు అమ్మదు, బోనసులు పంచదు. అట్లాంటి ఫోను పెట్టేయడమే మంచిది.

ఉన్న బీమాను మరిచిపోవద్దు

ఇంకో నష్టం ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అప్పుతో పాటు బీమా కోస్తారు. అప్పు తీసుకున్న మనిషి చనిపోతాడు. అతనికి బీమా ఉందని ఇంట్లో వారికి తెలియదు. ఆ పాలసీ అప్పు తీర్చడానికే తీసుకున్నది కావచ్చు. అయినా భార్య కూలి చేసి కిస్తీలు కడుతూనే ఉంటుంది. అందుకే అప్పు ఉన్న ఇంట్లో మనిషి పోతే బ్యాంకును మొదట అడగవలసిన మాట ఇది: "ఈ అప్పు మీద బీమా ఉన్నదా?"

పాసుబుక్కులో ఏటా 436 రూపాయలు, 20 రూపాయలు కోసినట్టు ఉందేమో చూడాలి. 436 ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు, 20 సురక్ష బీమాకు. రెండూ 2015లో వచ్చాయి. మనిషి చనిపోతే జీవన జ్యోతి కింద 2 లక్షలు వస్తుంది. సురక్ష బీమా ప్రమాదాలకు. ఇవి చవకైనవే. కానీ ఇవి కూడా మన ఒప్పుదలతోనే కోయాలి. వద్దంటే బ్యాంకులో రాసి ఇచ్చి ఆపించుకోవచ్చు. రైతుబీమా వేరు. 2018లో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ఆ పథకంలో రైతు ఏమీ కట్టనక్కరలేదు.

సంతకానికి ముందు

వ్యక్తులకు, చిన్న వ్యాపారాలకు కిస్తీల మీద ఇచ్చే కొత్త అప్పులకు 2024 అక్టోబరు 1 నుంచి ఒక ముఖ్య వివరాల కాగితం ఇవ్వాలి. మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వడ్డీ, రుసుము, బీమా అన్నీ అందులో ఉండాలి. అందులో లేని రుసుము మన ఒప్పుదల లేకుండా కోయకూడదు. "సార్, గా కాగితం తెలుగుల ఇయ్యిండ్రి" అని అడగడానికి మొహమాటం వద్దు. వేలిముద్ర వేసేవారిని ఎవరూ చదవమనలేదు. ఇప్పుడు చదువు వచ్చింది. సంతకం పెట్టే చోటు వెతకడం కంటే ముందు అంకెలు వెతకాలి.

పాలసీ వద్దనుకుంటే రాసే ఉత్తరం ఇట్లా ఉంటుంది. చుక్కలు ఉన్న చోట ఎవరి వివరాలు వారు నింపుకోవాలి.

ఇబ్రహీంపట్నం,
తేదీ: ..........

............ బీమా కంపెనీ వారికి,

అయ్యా,

నా పేరు .......... నా పాలసీ నంబరు .......... పాలసీ కాగితాలు .......... తేదీన నాకు అందాయి. నేను .......... బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు ఈ పాలసీ ఇచ్చారు. ఏటా డబ్బు కట్టాలని నాకు చెప్పలేదు. ఈ పాలసీ నాకు వద్దు. 30 రోజుల గడువు లోపలే రాస్తున్నాను. పాలసీని రద్దు చేసి, నేను కట్టిన .......... రూపాయలు నా ఖాతాకు పంపగలరు. ఖాతా నంబరు .......... పాసుబుక్కు నకలు, పాలసీ నకలు జతపరిచాను.

ఇట్లు,
(సంతకం)

ఈ ఉత్తరానికి రెండు నకళ్లు తీయాలి. ఒకటి బ్యాంకులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. అసలుది కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపాలి. పోస్టు రసీదును పాసుబుక్కులోనే పెట్టుకోవాలి.