రాష్ట్రములను దాటు రహదారియు, మన పొలములును

గడచిన మాసమున మన సంఘ సభ్యులు కొందరితో మేము మాదాపూరు వెళ్లియుంటిమి. 1998 వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము తెరువబడుటకు పూర్వము గ్రామముగా నుండిన ఆ చోట నేడు నాగటిచాలు కానరాదు. అచ్చటినుండి నానక్‌రామ్‌గూడకు పోయి, నగరమును చుట్టియున్న అవుటర్ రింగు రోడ్డును చూచితిమి. దాని పొడవు 158 కిలోమీటర్లు. ఎనిమిది వరుసల బాట. వంతెనపై నిలిచి మోటారుల వేగమును చూచుచుండగా వృద్ధ సభ్యులొకరు, “అయ్యా, ఇల్లు ఇవతలను, చేను అవతలను ఉన్నవాడు ఎడ్లనెట్లు తోలుకొనిపోవలె?” అని మమ్మడిగిరి. దారి క్రిందుగా సందులుండునని మాత్రమే నాడు చెప్పితిమి. అది చాలదని ఇంటికి వచ్చిన పిదప తోచినందున ఈ పాఠమును వ్రాయుచున్నాము.

పాత రహదారికి ప్రతి గ్రామపు బాటయు వచ్చి కలియును. గట్టుమీదినుండి బండిని నేరుగా దారిమీదికి ఎక్కింపవచ్చును. వేగపు రహదారి అట్టిది కాదు. ఇరుప్రక్కల కంచె యుండును. ఏర్పరచిన స్థలములందే ఎక్కవలెను, దిగవలెను. ఎడ్లబండికిని ట్రాక్టరుకును అందు చోటులేదు. కావున అది మన పొలముప్రక్కనే పోవుచున్నను మన దారి కానేరదు. ఏటివలె దాటవలసినదే యగును.

ఇట్టి రహదారి మనకు దూరపు ముచ్చట కాదు. నాగపురమునుండి విజయవాడ వరకు మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల మీదుగా నొక మార్గము తలపెట్టబడి భాగములు భాగములుగా పని నడచుచున్నది. అందు మంచిర్యాల – వరంగల్ భాగము 108 కిలోమీటర్లు. దీనికి 2023 జూలై 8 న వరంగల్లులో శంకుస్థాపన జరిగెను. వరంగల్ – ఖమ్మము 108 కిలోమీటర్లు, ఖమ్మము – విజయవాడ 90 కిలోమీటర్లు; ఈ రెంటికి 2023 అక్టోబరు 1 న మహబూబ్‌నగరులో శంకుస్థాపన యయ్యెను. ఈ మూడింటివలన దూరము వరుసగా సుమారు 34, 14, 27 కిలోమీటర్లు తగ్గునని ప్రభుత్వమువారు ప్రకటించిరి. మిరపకాయల లారీ త్వరగా విపణి చేరుట మేలే. కాని దూరము తగ్గవలెనన్నచో గీత తిన్నగా పోవలెను. తిన్నని గీత ఊళ్లను తప్పించుకొని చేలనడుమ పోవును. వెడల్పు 60 మీటర్లే యనుకొన్నను కిలోమీటరునకు దాదాపు 15 ఎకరములు పోవును.

రహదారి మొదట కాగితముమీద నిర్మింపబడును. రోలరు వచ్చినప్పుడు మేల్కొనిన రైతు ఆలస్యముగా మేల్కొనినవాడే. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము ననుసరించి మొదట సర్వే నంబర్లతో ప్రకటన వెలువడును. దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో వేయింపవలెను. అందొకటి దేశభాషా పత్రికయై యుండవలెను. ప్రకటన వెలువడిన నాటినుండి 21 దినములలోపల ఆక్షేపణను కారణములతో వ్రాతమూలముగా నియమితాధికారికి ఇయ్యవచ్చును. ఆయన రైతును గాని, అతని వకీలును గాని విచారింపవలెను. ఏడాదిలోపల రెండవ ప్రకటన రానిచో మొదటిది చెల్లకపోవును. వచ్చెనా, ఆ నేల ప్రభుత్వముదగును.

ఈ దశలో మనవారు చేయు పొరపాటు ఒకటి కలదు. అర్జీ నిండ ధర చాలదనియే వ్రాయుదురు. ధర మాట తరువాత వచ్చును. దానికి వేరుగా హక్కుదారులను పిలుతురు, తీర్పు నచ్చనిచో మధ్యవర్తియొద్దకు పోవచ్చును. 21 దినములలో అడుగవలసినది వేరు: గీత మన బావిమీదుగా పోవలెనా, కుంట అలుగును కోయుచున్నదా, చేనికి దారి మిగులునా అనునవి. ఒక్కొక్కరు ఒక్కొక్క అర్జీ ఇచ్చుటకంటె సంఘము పక్షమున నక్షాతో కూడిన ఒక అర్జీ ఇచ్చుట మేలని మా అభిప్రాయము.

ఇక పరిహారము. 2013 నాటి భూసేకరణ చట్టములోని పరిహారపు నియమములు 2015 జనవరి 1 నుండి జాతీయ రహదారులకును వర్తించుచున్నవి. స్టాంపు లెక్కలలోని విలువ యొకటి. ఆ ప్రాంతమున వెనుకటి మూడేండ్లలో జరిగిన క్రయములలో ఎక్కువ ధరగల సగము దస్తావేజుల సగటు మరియొకటి. వీనిలో ఏది హెచ్చో దానిని గ్రహింతురు. పల్లెలలో దానిని ఒకటికిని రెంటికిని నడుమ నిర్ణయింపబడిన గుణకముచే హెచ్చింతురు. చెట్లు, బావులు, బోర్లు, కట్టడముల వెల కలుపుదురు. అంతయు కలిపిన మొత్తమునకు సమానముగా మరల నూటికి నూరు సాంత్వన ధనము చేర్తురు.

దస్తావేజులో తక్కువ ధర వ్రాయించు అలవాటు ఇచ్చటనే మన మెడకు చుట్టుకొనును. పది లక్షలకు కొన్న ఎకరమును స్టాంపు సుంకము మిగులునని రెండు లక్షలకు వ్రాయించిన గ్రామములెన్ని లేవు? గుణకము ఒకటిన్నర అనుకొందము. పది లక్షలకు లెక్కించినచో పదునైదు, సాంత్వనతో ముప్పది లక్షలగును. రెండు లక్షలకు లెక్కించినచో మూడు, సాంత్వనతో ఆరు లక్షలే. వ్రాయించినవాడే కాదు, ప్రక్క చేనివాడును ఆ సగటుచే నష్టపడును. సుంకము మిగిల్చిన పొరుగువాని తప్పునకు నిజము వ్రాయించినవాడు దండుగ కట్టుట యన్నమాట.

తండ్రి పేరనే పట్టా నిలిచియున్న కుటుంబములు ఆలస్యము చేయక భూభారతిలో విరాసతు చేయించుకొనవలెను. పంపకముపై అన్నదమ్ములలో తగవున్నచో ఆ సంగతి సివిలు న్యాయస్థానమునకు పోవును, సొమ్ము అందుటకు ఏండ్లు పట్టును. బోరు లోతు, మోటారు శక్తి, ఒక్కొక్క మామిడిచెట్టు వయస్సు ముందే వ్రాసియుంచి, పంచనామానాడు రైతు స్వయముగా నిలువవలెను. మిగిలిన నేల రెండు తునుకలైనచో ఆ విడదీతవలని నష్టమునుకూడ అడుగుటకు చట్టమున తావు కలదు. మూడేండ్లుగా ఆ నేలపైననే బ్రతుకుచున్న కౌలుదారులును కూలివారును బాధితులలోనివారే అని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. ఈ సంగతి వారికి చెప్పువారు తక్కువ.

నీటి విషయము సొమ్ముకంటె పెద్దది. రహదారి ఎత్తైన మట్టికట్ట. మైళ్లకొలది పొడవున పల్లమునకు అడ్డుగా నున్న కట్ట, తూములు చాలనిచో, చెరువుకట్ట యగును. 2024 సెప్టెంబరు 1 నాటి వానలకు మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె – కేసముద్రముల నడుమ రైలుకట్ట మన్ను కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. గొలుసు చెరువుల దేశమది. పై చెరువు అలుగు పారి క్రింది చెరువు నింపును. అట్టి నేలలో కట్ట వేయువారు ప్రతి దారిని వదలవలెను. ఇంజనీర్ల పటములలో వాగులుండును గాని, గట్లవెంట పారు చిన్న ఒర్రెలు అన్నియు నుండవు. ఏ మూలనుండి నీరు వచ్చి ఏ మూలకు పోవునో వానలో చేనిలో నిలిచినవానికి తెలియును. కావున తొలకరిలో గొడుగు పట్టుకొని గీతవెంట నడచి, నీరు దాటు ప్రతి చోటను గురుతు వేసి, సర్వే నంబరుతో వ్రాసి, తూము కోరవలెను. కట్ట లేచిన పిదప దాని క్రింద తూము పెట్టుమన్నచో పెట్టువాడుండడు. బోరునుండి పోవు గొట్టమును దాటించుటకు కట్ట క్రింద ఖాళీ గొట్టము వేయించుకొనుటయు అప్పుడే.

దాటుదారి సంగతికూడ ఇట్టిదే. క్రిందిసందు ఉన్నదని సంతోషించిన చాలదు. వరికోత యంత్రము పట్టునంత ఎత్తున్నదా, గడ్డిబండి పట్టునంత వెడల్పున్నదా, వానకాలమున అందు మోకాలిలోతు నీరు నిలుచునా? ఊరిలోని అన్నిటికంటె ఎత్తైన యంత్రమును కొలిచి ఆ కొలతను అర్జీలో వేయుడు. ఇల్లొకవైపును, చేనొకవైపును పడు కుటుంబములెన్నియో, పశువులెన్నియో లెక్క వ్రాయుడు. మాదాపూరున మమ్మడిగిన పెద్దలకు మేము ఇయ్యవలసియుండిన సమాధానమిది.

చివరగా మన్ను. మనకు గుల్లయైన నేల కావలెను. దారివానికి గట్టిపడిన నేల కావలెను. అతడు కట్టను పలుచని పొరలుగా పరచి, తగిన తేమతో రోలరుచే అణచును. బాటక్రింది అర్ధమీటరు మందమును పరీక్షాశాలలో రాగల గరిష్ఠ సాంద్రతలో నూటికి 97 వంతులకు తక్కువ గాకుండ బిగించును. దీనికై లారీలకొలది మన్ను వలయును. గుత్తేదారుని మనుష్యులు వచ్చి లారీకింత యని బేరమాడుదురు. ఎకరముమీద ఒక అంగుళము మన్ను నూరు ఘనపు మీటర్లకు పైబడును. ఆరంగుళములు అమ్మినచో తాతలనాటి పశువుల ఎరువంతయు ఆరువందల ఘనపు మీటర్లుగా వెడలిపోవును. మిగులు మొరమునేలలో జొన్నయు మొలవదు. మహారాష్ట్రములో బుల్డానా జిల్లాయందు చెరువులను లోతుచేసి ఆ మన్నును రహదారులకు వాడిరి. చెరువులో నీరు పెరిగెను, దారికి మన్ను దొరకెను. మన గ్రామములలోను అధికారుల అనుమతితో అట్లడుగుటయే యుక్తము.

యంత్రములు నిలుపుటకు చేనిని కొంతకాలము బాడుగకిచ్చువారు, పైమన్ను అరడుగు తీసి వేరుగా కుప్పవేసి తిరిగి పరచవలెనని ఒడంబడికలో వ్రాయించుకొనవలెను. అప్పగించిన పిమ్మట ఎండకాలమున నేల ఎండియున్నప్పుడే లోతుదుక్కి యంత్రముతో అడుగుగట్టిని పగులగొట్టుడు. తడిలో దున్నిన మరింత బిగియును. తొలకరికి జీలుగ ఎకరమునకు 10 నుండి 12 కిలోలు చల్లి, పూతకు రాగానే కలియదున్నుడు. ఆ నేలలో మొదటి ఏడే మిరప నాటవలదు. వేరు లోతునకు దిగు కందిని వేసి, రెండవ ఏట మొక్క పెరుగుదలను చూచి మార్చుకొనుడు.