కుక్కను పెంచడం కూడా ఒక ఖాతాయే
(సభ్యుల విద్యా పాఠం)

పాల సంఘాల పత్రికలో కుక్కల పాఠమేమిటని సభ్యులు ఆశ్చర్యపడవచ్చును. కాని పాడి ఉన్న ఇంట్లో తరచుగా ఒక కుక్క కూడా ఉంటుంది. బర్రెకు చెవిపోగు ఉంది, టీకాల లెక్క ఉంది. ఎప్పుడు ఎదకు వచ్చిందో, ఎప్పుడు చూడి కట్టిందో ఇంటి ఇల్లాలికి నోటికి వచ్చు. అదే కొట్టం గడపలో పడుకునే కుక్కకు మాత్రం ఏ లెక్కా లేదు. ఆ లెక్క లేకపోవడం వల్ల పాడికి, ప్రాణానికి, సంఘానికి ఏ నష్టం కలుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాము.

అధ్యక్షుల వారి లెక్క

క్రిందటి వేసవిలో ఒక పాల సంఘం అధ్యక్షుల వారు అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చారు. వారి కుమారుడు ఇక్కడే హాస్టల్‌లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఉదయం టీ తాగుతూ తమ ఆలోచన చెప్పారు.

"సారూ, ఒక లాబ్రడార్ ఆడకుక్కను కొందామనుకుంటున్న. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు ఎనిమిది పిల్లలు. ఒక్కోటి పది వేలకు అమ్మినా లక్షా అరవై వేలు. గడ్డి కోసేది లేదు, పెండ తీసేది లేదు. బర్రెకన్న నయం కాదా?"

లెక్క తప్పని నేను వెంటనే అనలేదు. సంఘం లెక్కలు చూసేటప్పుడు చేసినట్లే, జమ పక్కన ఖర్చు కూడా రాద్దామన్నాను. కాగితం తీశాము.

పిల్లను తల్లి వద్ద నుండి 8 వారాలకు ముందు వేరు చేయరాదు. అంటే కొనేనాటికి దాని వయస్సు 2 నెలలు. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమావళి ప్రకటించింది. దాని ప్రకారం ఆడకుక్కకు 18 నెలలు నిండనిదే జత కట్టించరాదు. అది 6 నెలల నుండి ఏడాది లోపు మొదటిసారి ఎదకు రావచ్చును. అయినా ఆగవలెను. చిన్న పడ్డను మొదటి ఎదలోనే చూడి కట్టిస్తే ఎదుగుదల నిలిచిపోవడం మనకు తెలిసినదే. 18 నెలలకు జత కడితే, సుమారు 63 రోజులకు ఈనుతుంది. ఆ పిల్లలను మరి 8 వారాలు సాకవలెను. వెరసి కొన్ననాటి నుండి మొదటి రూపాయి కంటపడడానికి 20 నెలలు.

అదే నియమావళి ప్రకారం 12 నెలల కాలంలో ఒక్క ఈతకు మించరాదు. జీవితంలో 5 ఈతలకు మించరాదు. అమ్మకానికి పిల్లలు తీసేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. 5 ఈతలు అయిన తరువాత కూడా ఆ తల్లి ఎన్నో ఏళ్లు బ్రతుకుతుంది. వట్టిపోయిన బర్రెను చూసినట్లు చూడక, చివరి దాకా తిండి పెట్టవలెను.

ఇక పాల సంగతి. బర్రె పాలలో వెన్న శాతం 6 నుండి 7, ఆవు పాలలో 4కు అటూ ఇటూ, కుక్క పాలలో సుమారు 9. తల్లికి పాలు చాలకపోతే ఆవు పాలలో నీళ్లు కలిపి పోస్తే పిల్లలు నిలువవు. పుట్టిన మొదటి రోజుల్లో రాత్రింబగళ్లు రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టవలెను. పిల్లలకు 2 వారాల వయస్సు నుండి నట్టల మందు, 6 నుండి 8 వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలు. పార్వో సోకితే కడుపులో ఉన్నది నిలువక, రక్త విరేచనాలతో ఈతకు ఈత పోయే ప్రమాదం ఉంది. కాన్పు కష్టమైతే ఆపరేషన్ ఖర్చు వేరు.

అధ్యక్షుల వారు కాగితం వైపు చాలాసేపు చూసి, "పిల్లలు అమ్ముడుపోకపోతే?" అని తామే అడిగారు. ఆ ప్రశ్నే అసలు పద్దు. "అటు నడుద్దాం రండి" అని బయలుదేరదీశాను.

ప్రదర్శన దేనికొరకు?

మా సందు చివర అపార్ట్‌మెంట్ ముందు ఒక పగ్ కుక్క నాలుక చాపి రొప్పుతూ కనిపించింది. అప్పటికి ఇంకా తొమ్మిది గంటలు కాలేదు. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో ఈ జాతి కుక్క పిల్లవాని వెంట నడిచింది. ఆ తరువాత ఊరూరా దీన్ని కొన్నారు. దాని ముక్కు చప్పిడి, ఊపిరి దారి ఇరుకు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడి తగ్గించుకోవలెను. మే నెల హైదరాబాదు ఎండలో ముక్కు లేని కుక్క ఎంత కష్టపడుతుందో చెప్పనవసరం లేదు.

"మరి పోటీల్లో ఇట్లాంటివాటికే బహుమతులు ఇస్తరంట గదా?" అన్నారు అధ్యక్షుల వారు.

కుక్కల ప్రదర్శన మొదట వేడుక కాదు. 1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో జరిగిన తొలి ప్రదర్శనలో వేటకు పనికివచ్చే పాయింటర్, సెట్టర్ జాతులనే చూశారు. మన పశు ప్రదర్శనలో ఒంగోలు గిత్త మూపురం, కాళ్లు, నడక చూసి మంచి విత్తనాన్ని గుర్తించడం ఎటువంటిదో అదీ అటువంటిదే. న్యాయనిర్ణేత ఒక కుక్కను మరొక కుక్కతో పోల్చక, ఆ జాతికి వ్రాసిపెట్టిన ప్రమాణంతో పోల్చవలెను. పళ్లు, కాళ్లు, నడక, స్వభావం అన్నీ చూస్తాడు. కరవబోయే కుక్కకు బహుమతి ఉండదు.

కాని కప్పు ఒక్కటే గురి అయితే ముక్కు ఇంకా పొట్టి, నడుము ఇంకా వాలు కావాలని పోతారు. బహుమతి పొందిన మగకుక్కనే దాని కూతురికి, చెల్లెలికి కట్టిస్తారు. కృత్రిమ గర్భధారణలో ఆబోతు నంబరు వ్రాసుకుని, దాని సంతతికి మళ్లీ అదే ఆబోతు వీర్యం వేయకుండా మనం జాగ్రత్తపడతాము. కుక్కల విషయంలోనూ వంశ పత్రం ఉన్నది అందుకే. గోడకు తగిలించుకోవడానికి కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు వదులుగా ఉండే లోపం తల్లిదండ్రుల నుండి పిల్లలకు వస్తుంది. జత కట్టించే ముందు తుంటికి ఎక్స్‌రే తీయించడం బాధ్యత గల పెంపకందారు పని. వంశ పత్రం చూపి, ఎక్స్‌రే అడిగితే నవ్వేవాని వద్ద కొనవద్దు.

మన ఎండకు తగిన కుక్కలు మనకు లేకపోలేదు. కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలను కాసిన జోనంగి పొట్టి వెంట్రుకల నున్నని కుక్క. కన్నడ సీమలో ముధోల్, తమిళనాట రాజపాళయం, చిప్పిపారై ఉన్నాయి. 2005లో మన తపాలా శాఖ ముధోల్, రాజపాళయం సహా నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్లలు విడుదల చేసింది. కొట్టం కాపలాకు మాత్రం మన ఊరి కుక్కపిల్లను మించినది లేదు.

చిక్కడపల్లి మార్కెట్ వద్ద

సిటీ సెంట్రల్ లైబ్రరీ దాటి చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ దగ్గరకు వచ్చాము. అక్కడ నిలబడి, నేను సాధారణంగా ఎవరికీ చెప్పని విషయం వారికి చెప్పాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ చుట్టుపక్కలే అద్దెకుండేవాడిని. ఒక తెల్లని పొమరేనియన్ ఆడకుక్కను పెంచాము. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించమని డాక్టర్ గారు చెప్పారు. రేపు, మాపు అని వాయిదా వేశాను. ఎదకు వచ్చిన రోజుల్లో ఎవరో గేటు తీసి ఉంచారు. రెండు నెలలకు 5 పిల్లలు. ఇద్దరు మిత్రులు చెరొకటి తీసుకున్నారు. మిగిలిన మూడింటిని ఒక రాత్రి సంచిలో పెట్టుకుని వచ్చి ఈ మార్కెట్ దగ్గర వదిలిపోయాను. ఎవరో ఒకరు తిండి పెట్టకపోతారా అని మనస్సుకు చెప్పుకున్నాను. తెల్లవారి మా ఇంట్లోవారు "పిల్లలేవి?" అని అడిగితే జవాబు రాలేదు. మళ్లీ వచ్చి వెతికితే ఒక్కటే దొరికింది.

ఇతరుల ఖాతాల్లో తేడా పట్టుకోవడం నా ఉద్యోగం. నా ఇంటి ఖాతాలో రెండు తగ్గాయి. ఆ రెండింటికి నా దగ్గర ఈనాటికీ సంజాయిషీ లేదు. వీధి కుక్కలు ఎక్కడి నుండి వస్తాయని సభలలో అడిగినప్పుడల్లా నాకు ఆ సంచి జ్ఞాపకం వస్తుంది.

అధ్యక్షుల వారు ఏమీ అనలేదు. నారాయణగూడ వైపు నడిచాము.

నారాయణగూడలో

నారాయణగూడలో రెండు ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఒకటి సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల. రెండవది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. మొదటి దానిలో కుక్కకు టీకా వేయిస్తే, రెండవ దానిలో కుక్కకాటు సూది కొరకు మనిషి వరుసలో నిలబడవలసిన అవసరం తగ్గుతుంది. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో ఉన్నది.

చాలా ఏళ్ల క్రితం నేను తనిఖీకి వెళ్లిన ఒక గ్రామంలో ఒక సభ్యుని బర్రె మేత ముట్టలేదు. బొంగురు గొంతుతో అదే పనిగా అరిచింది. నోట చొంగ కారింది. గొంతులో ఏదో అడ్డుపడిందని ఆ రైతు మోచేతి దాకా చేయి పెట్టి వెతికాడు. అడ్డేమీ లేదు. కొన్ని వారాల క్రితం ఇంటి కుక్కే దాన్ని కరిచింది. రెండు రోజుల్లో బర్రె చచ్చిపోయింది. ఆ ఇంటివారందరూ సూదులు వేయించుకోవలసి వచ్చింది. ఆ కాలంలో గొర్రె మెదడుతో చేసిన టీకాను బొడ్డు చుట్టూ 14 రోజులు పొడిచేవారు. మన దేశంలో 2004 చివరితో ఆ టీకా ఆగిపోయింది. వారి ప్రాణాలు దక్కాయి. కాని ఆ బర్రె పాలు అంతకు ముందు రోజుల్లో సంఘం క్యానులో కలిశాయి. మరగకాచిన పాలతో భయం లేదని డాక్టర్ గారు చెప్పినా ఊరు వినలేదు. వారం రోజులు సంఘం క్యాన్లు సగం కూడా నిండలేదు. ఒక్క కుక్కకు ఒక్క సూది వేయించని దానికి సంఘమంతా చెల్లించింది.

ఇంకొక నష్టం కూడా ఉంది. బర్రె, ఆవు ఈనిన తరువాత పడే మాయను కుక్క తింటే నియోస్పోరా అనే పరాన్నజీవి కుక్క కడుపులో చేరవచ్చును. ఆ కుక్క గడ్డివాము మీద మలవిసర్జన చేస్తే, ఆ మేత తిన్న చూడి పశువు 5, 6 నెలలకు ఈసుకుపోవచ్చును. గర్భస్రావానికి ఇతర కారణాలు కూడా ఉన్నందున పరీక్ష చేయించి నిర్ణయించవలెను. గొర్రెల పచ్చి పేగులు, కాలేయం కుక్కకు వేస్తే బద్దె పురుగులు చేరి, మనుషులకు కాలేయంలో నీటి తిత్తులు రావచ్చును.

సభ్యులు పాటించవలసినవి

1. కుక్కపిల్లకు 3 నెలల వయస్సులో రేబిస్ టీకా వేయించి, తరువాత డాక్టర్ గారు చెప్పిన గడువుకు, ఆపైన ఏటేటా వేయించవలెను. తేదీ వ్రాసిపెట్టవలెను.

2. పిల్లలను సాకే స్తోమత, తీసుకునేవారి పేర్లు ముందే లేకపోతే, ఆడకుక్కకైనా మగకుక్కకైనా సంతాన నిరోధక ఆపరేషన్ చేయించవలెను.

3. మాయను లోతుగా పూడ్చవలెను. కుక్కకు పచ్చి పేగులు వేయరాదు. నట్టల మందు క్రమం తప్పక పట్టవలెను. గడ్డివాము, దాణా గది మీదికి కుక్కను పోనీయరాదు.

4. పగలంతా గొలుసుతో కట్టి ఉంచరాదు. కట్టిన కుక్క కోపిష్ఠి అవుతుంది. నీడ, నీరు, రోజూ నడక ఉండవలెను.

5. పట్నంలో ఉన్న మన పిల్లలు కుక్కను కొనే ముందు ఇంటి యజమాని అనుమతి, నగరపాలక సంస్థలో నమోదు చూసుకోవలెను. చదువు ముగిసి ఊరికి వచ్చేనాడు కుక్కను వీధిలో వదలరాదు.

6. కుక్క కరిస్తే, గీరినా సరే, వెంటనే సబ్బుతో ధారగా పడే నీటి క్రింద 15 నిమిషాలు కడుగవలెను. కారం, సున్నం, పసరు పూయరాదు. అదే రోజు ఆసుపత్రికి పోయి, చెప్పిన తేదీలలో అన్ని సూదులు పూర్తి చేయవలెను. లోతైన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

7. కుక్క కరిచిన పశువుకు కూడా గాయం కడిగి, పశువైద్యునితో టీకాలు వేయించవలెను. అనుమానం ఉన్న పశువు నోట్లో చేయి పెట్టరాదు. దాని పాలు త్రాగరాదు, సంఘానికి పోయరాదు. ఆ సంగతి కార్యదర్శికి చెప్పడం సిగ్గుపడవలసిన పని కాదు.

ముగింపు

అధ్యక్షుల వారు లాబ్రడార్ కొనలేదు. తమ ఊరి కుక్కపిల్లనే ఒకదాన్ని తెచ్చుకున్నారు. నెల రోజుల తరువాత ఫోన్ చేసి, పశువైద్యుని పిలిపించి పాల కేంద్రం ముందే ఊరి కుక్కలకు టీకాలు వేయించినట్లు చెప్పారు. ఉదయం పాలు పోయడానికి వచ్చినవారు తాడుతో కుక్కను కూడా పట్టుకు వచ్చారట. పాల పుస్తకం చివరి పేజీలో కుక్కల పేర్లు, యజమానుల పేర్లు, టీకా తేదీలు వ్రాశారట. "మీరు తనిఖీకి వస్తే ఆ పేజీ కూడా చూడాలె సారూ" అన్నారు.

సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ లోపల ప్రతి సంఘంలో అటువంటి ఒక పేజీ తెరవవలసినదిగా సభ్యులను కోరుతున్నాను.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో టీకా లేని కుక్కలు ఎన్ని? వాటికి యజమాని ఎవరు?
2. ఈనిన పశువు మాయను మనం ఏమి చేస్తున్నాము?
3. పోయిన ఏడాది మన ఊరిలో పుట్టిన కుక్కపిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నాయి?