యంత్రానికి జలరక్ష

శ్రమించే ప్రతి యంత్రమూ వేడెక్కుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే యంత్రం మనలేదు. నెల్లూరు తీరాన, కృష్ణపట్నం రేవుకు సమీపంలోని నేలటూరు వద్ద శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు గల ఈ కేంద్రంలో, టర్బైన్లను తిప్పిన ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి సముద్రజలం తోడ్పడుతుంది. నీటితో వేడిని తరలించే ఈ సూత్రమే కంప్యూటరుకూ వర్తిస్తుంది. 1980లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 3081 కంప్యూటరును నీటితోనే చల్లబరిచేవారు. నేడు అభిరుచి గలవారు విడిభాగాలు కొని ఇంటి కంప్యూటరుకు సైతం ఇటువంటి ఏర్పాటు చేసుకొంటున్నారు.

ఇందులో ప్రాసెసరును ఆనుకొని వాటర్ బ్లాక్ అనే రాగి దిమ్మె ఉంటుంది. దానిలోని సన్నని గాడుల గుండా ప్రవహించే నీరు వేడిని గ్రహిస్తుంది. పంపు ఆ నీటిని రేడియేటరుకు చేరుస్తుంది. అక్కడ ఫ్యాన్ల గాలికి వేడిని విడిచిపెట్టి నీరు మళ్ళీ బయలుదేరుతుంది. అయితే ఈ నీరు గదిలోని గాలికన్న చల్లగా కాజాలదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు ఎండలలో ఈ ఏర్పాటుకు వెసులుబాటు స్వల్పం. కొద్దిపాటి మలినం కూడ అక్కడ పెద్ద అవరోధమవుతుంది.

ఆ మలినం మూడు రూపాలలో వస్తుంది. మొదటిది లవణం. తీరప్రాంతంలో బోరునీరు తరచుగా ఉప్పగా ఉంటుంది. దానిని పోస్తే గాడులలో తెల్లని పొర పేరుకొంటుంది. కనుక స్వేదనజలమే వాడాలి. రెండవది నాచు. వెలుతురు, వెచ్చదనం ఉన్నచోట అది పెరుగుతుంది. సముద్రజలం వాడే విద్యుత్ కేంద్రాలలో గొట్టాలకు ఆల్చిప్పలు పట్టకుండా క్లోరిన్ కలిపినట్లే, ఇక్కడ నాచును నివారించే మందును తగిన మోతాదులో కలపాలి. మూడవది లోహక్షయం. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో కలిసి ఉంటే అల్యూమినియం క్రమంగా తినివేయబడుతుంది. ఇవి గాక, ఉప్పుగాలి మోసుకొచ్చే తేమతో దుమ్ము కలిసి రేడియేటరు రేకుల నడుమ అట్ట కడుతుంది.

శుభ్రపరచేటప్పుడు ముందుగా విద్యుత్తును ఆపివేయాలి. పాత నీటిని పూర్తిగా తీసివేసి, బ్లాకును విప్పి, మెత్తని బ్రష్షుతో గాడులను తోమి, స్వేదనజలంతో కడగాలి. తిరిగి బిగించి కొత్త నీరు నింపిన తరువాత తక్కిన భాగాలకు విద్యుత్తు ఇవ్వకుండా పంపును మాత్రమే కొన్ని గంటలు నడపాలి. అతుకుల క్రింద పరచిన కాగితం తడవకుంటేనే కంప్యూటరును వాడాలి. మదర్‌బోర్డుపై పడిన ఒక్క చుక్క దానిని నిరుపయోగం చేయవచ్చు.

రక్షించే నీరే, అలక్ష్యం చేస్తే భక్షిస్తుంది. పైకి కనబడని చోట శుభ్రతను పాటించడమే నిజమైన శ్రద్ధ.

అర్థాలు
స్వేదనజలం = ఆవిరిని చల్లార్చి సేకరించిన శుద్ధజలం
లోహక్షయం = లోహం క్రమంగా నశించడం
అవరోధం = అడ్డంకి

ప్రశ్నలు
1. కంప్యూటరును నీరు చల్లబరిచే విధానాన్ని వివరించండి.
2. తీరప్రాంతంలో ఈ ఏర్పాటుకు అధిక శ్రద్ధ ఎందుకు అవసరమో తెలపండి.