కొత్త వెర్షన్ కావాలా? పాతదాన్ని పీకకండి

లినక్స్‌లో కొత్త పైథాన్ వేసుకున్న రోజే, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఆగిపోతుంది. సోలాపూర్ హోట్గి రోడ్డులో నేత ఇంటి నుంచి కోడింగ్‌కు వచ్చిన కుర్రాడికైతే, "ఇది మనవాళ్ల వల్ల అయ్యే పని కాదేమో" అన్న శంక కూడా తోడవుతుంది. ముందు ఆ శంకను వదిలేయండి. లోపం మీ తెలివిలో లేదు. ఒకదాన్ని నమ్ముకుని ఒకటి బతికే ప్యాకేజీల మధ్య పొత్తు కుదరలేదు, అంతే.

ఉబుంటు 22.04లో ఉన్నది పైథాన్ 3.10. 24.04కి మారితే 3.12 వస్తుంది. 2023 అక్టోబరులో వచ్చిన ఈ 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత మాడ్యూల్‌ని తీసేశారు. దాన్ని నమ్ముకున్న ప్యాకేజీలు మొరాయిస్తాయి. కానీ తీసేస్తామని 2021లో, 3.10 నాడే చెప్పారు. పెద్ద మార్పు విషయంలోనూ ఇంతే: పైథాన్ 3 వచ్చింది 2008లో. పైథాన్ 2కి మరమ్మతులు ఆగింది 2020 జనవరి 1న. 11 ఏళ్ల గడువది! "ఇకపై ఇది ఉండదు" అన్న హెచ్చరిక తెరమీద కనబడితే, ప్రోగ్రామ్ నడుస్తోంది కదా అని దాటేయకండి. ఆ వారమే ఓ గంట దానికి కేటాయించండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది తొందర. ఉబుంటుతో పాటే వచ్చిన సిస్టమ్ పైథాన్‌ని తీసేస్తారు, లేదా దాని లింకును కొత్త వెర్షన్ వైపు తిప్పేస్తారు. ఉబుంటులో ఆప్ట్‌కు సంబంధించిన కొన్ని సాధనాలూ, టెర్మినల్ కూడా ఆ పైథాన్ మీదే నడుస్తాయి. బాగుచేద్దామంటే టెర్మినలే తెరుచుకోకపోవచ్చు. అందుకే 2023లో వచ్చిన డెబియన్ 12, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ఏదైనా ఎక్కించబోతే ఆపేసి, వెన్వ్ (ప్యాకేజీల్ని విడిగా ఉంచుకునే చోటు) వాడమని తెరమీద సందేశంతో దారి చూపిస్తుంది. ఆ సందేశం చదవకుండా బలవంతంగా ముందుకు తోసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లను గమనించండి. పడుగు అయిపోవస్తే పాత పోగుల్ని అచ్చులోంచి లాగిపారేయరు. వాటి కొసలకే కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా ముడివేసి మెల్లగా లాగుతారు. ఆ ఓర్పు మీ ఇంటి ఆస్తి, కీబోర్డు దగ్గరికీ తెచ్చుకోండి. కొత్త వెర్షన్‌ని సిస్టమ్ పైథాన్ పక్కనే వేసుకోండి. ప్రాజెక్టుకో వెన్వ్ పెట్టండి. అంతకుముందే పిప్ ఫ్రీజ్‌తో ఉన్న ప్యాకేజీలూ, వాటి వెర్షన్లూ ఓ ఫైల్లో దాచుకోండి. ఆ తర్వాత ఒక్కో ప్యాకేజీ ఎక్కించండి, ప్రతిసారీ నడిపి చూడండి.

ఎర్రర్‌ని కిందినుంచి పైకి చదవండి. అసలు కారణం చాలాసార్లు చివరి వరుసల్లోనే దొరుకుతుంది. సాయం అడిగేటప్పుడు ఆ వరుసల్ని ఉన్నదున్నట్టుగా, వెర్షన్ నంబర్లతో సహా ఇవ్వండి. "పనిచేయట్లేదన్నా" అని ఊరుకుంటే ఏ అన్నా ఏమీ చేయలేడు.

మీకు తప్పనిసరైన ప్యాకేజీ కొత్త పైథాన్‌కి ఇంకా సిద్ధం కాలేదా? 3.10లోనే ఉండండి, అందులో చిన్నతనమేమీ లేదు. ప్రతి వెర్షన్‌కీ విడుదలైన నాటినుంచి సుమారు 5 ఏళ్లు మరమ్మతులు అందుతాయి. 3.10 గడువు 2026 అక్టోబరు. ఆ లోపల, పరీక్షలూ ఇంటర్వ్యూలూ లేని వారం చూసుకుని మారండి.