సంఘ ఆరాధనకు ఓవర్‌డ్రైవ్ పెడల్ – ఎన్నుకొనుట ఎట్లు?

పాఠ్యభాగములు: 1 కొరింథీయులకు 14:7–9, లూకా 14:28



సంఘ పత్రికలో గిటారు పెడల్‌ను గూర్చి పాఠమేమిటని పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. హార్మోనియము, తబలా ఉన్న చోటికి నేడు కీబోర్డు, ఎలక్ట్రిక్ గిటారు వచ్చి చేరినవి. యౌవనస్థులు పెడల్ కావాలని అడిగినప్పుడు కమిటీలో సాధారణముగా రెండే మాటలు వినబడును. ఒకటి, "అది లోకపు శబ్దము, వద్దు." రెండవది, "అడిగినది ఏదో కొనిపెట్టి పంపండి." మేము ఈ రెండును పలికి నష్టపోయినవారము గనుక ఇది వ్రాయుచున్నాము.

1. మా పొరపాటు

మా సంఘము కర్ణాటకలో ఉన్నది. మా గిటారు వాయించు కుర్రవాడు మూడవ తరమువాడు. ఇంట తెలుగు మాటలాడును గాని చదువలేడు; కీర్తనలను కన్నడ లిపిలో వ్రాసికొని పాడును. తెలుగు ఆరాధనతో అతనిని కట్టియుంచిన త్రాడు ఆ గిటారే. అతడు పెడల్ అడిగినప్పుడు మేము కానుక సొమ్ము తీసికొని అంగడికి పోయి, అక్కడ పెద్ద యాంప్లిఫయర్‌లో గంభీరముగా వినబడినదానిని కొంటిమి. అది ఓవర్‌డ్రైవ్ కాదు, భారీ రాక్ సంగీతమునకు చేసిన డిస్టార్షన్ పెడల్. ఆ తేడా మాకు తెలియదు.

ఆదివారమున దానిని నేరుగా మైకు సెట్టు మిక్సర్‌కు తగిలించితిమి. తేనెటీగల గుంపు లేచినట్లు రొద వచ్చెను. ముందు వరుసలోని తల్లులకు పాట మాటలు వినబడలేదు. ఆరాధన ముగియగానే మేమే లేచి, ఇక గిటారు వద్దని అంటిమి. కుర్రవాడు గిటారును పెట్టెలో పెట్టి వెనుక బల్లపై కూర్చుండెను. కొన్ని ఆదివారములు రానే లేదు. ఒక దినమున ఇంటికి వచ్చి, "మాస్టారూ, తప్పు గిటారుదా, పెడల్‌దా, మనదా?" అని అడిగెను. ఆ ప్రశ్న మమ్మును గద్దించెను. అప్పుడు అతనితో కలిసి నేర్చుకొనుటకు కూర్చుంటిమి.

2. ఓవర్‌డ్రైవ్ అనగా ఏమి?

పాత వాల్వు యాంప్లిఫయర్లలో శబ్దము బాగుగా పెంచినప్పుడు వాల్వులు భరింపలేక స్వర తరంగపు కొనలను నునుపుగా కత్తిరించును. దానివలన స్వరము కొంచెము బొంగురై నిండుగా వినబడును. ఆ నిండుతనమును తక్కువ శబ్దముతోనే ఇచ్చుటకు కాలితో నొక్కు చిన్న పెట్టె చేసిరి. అదే ఓవర్‌డ్రైవ్ పెడల్. డిస్టార్షన్ పెడల్ అదే కొనలను మరింత ఎక్కువగా, కఠినముగా కత్తిరించును.

ఎక్కువ కత్తిరించినచో కీర్తనలకు ఎందుకు సరిపడదు? రెండు స్వరములు కలిసి కత్తిరింపబడినప్పుడు వాటి తేడాకు సమానమైన మూడవ స్వరము పుట్టును. 220 హెర్ట్‌జ్ 'ఏ' స్వరమును 330 హెర్ట్‌జ్ 'ఈ' స్వరముతో వాయించినచో తేడా 110. అది క్రింది 'ఏ' స్వరమే గనుక పొసగును. అందుచేత రాక్ వాయించువారు ఈ రెండు స్వరముల కార్డునే ఎక్కువగా పట్టుదురు. అదే 220తో 277 హెర్ట్‌జ్ 'సి షార్ప్' కలిపినచో తేడా 57. క్రింది 'ఏ' 55, దాని తరువాతిది 58. ఈ 57 రెండింటి నడుమ చిక్కి అపశ్రుతియగును. మన కీర్తనలకు పూర్తి కార్డులు కావలెను. కాబట్టి మనకు తక్కువ కత్తిరింపులో చక్కగా పలుకు పెడల్ కావలెను.

3. అన్నిటికి పనికివచ్చు పెడల్ గుర్తులు

సాధారణముగా పెడల్‌పై మూడు నాబులుండును. డ్రైవ్ (కొన్నిటిపై గెయిన్) కత్తిరింపును, టోన్ పైస్వరముల వాడిని, లెవెల్ మొత్తము శబ్దమును దిద్దును. ఎక్కువ డ్రైవ్ ఇచ్చునది అన్నిటికి పనికివచ్చునని అనుకొనరాదు. ఈ మూడు పనులు చేయునదే అట్టిది.

మొదటిది, డ్రైవ్ పూర్తిగా తగ్గించి లెవెల్ పెంచినప్పుడు స్వరము పాడుకాక కేవలము బలపడవలెను. రెండవది, డ్రైవ్ మధ్యలో ఉంచి గిటారుపైని వాల్యూమ్ నాబును తగ్గించినచో స్వరము తేటపడవలెను. పెంచినచో మరల నిండవలెను. ఇట్లయితే ప్రార్థన పాటకు తేటగాను, పల్లవికి నిండుగాను, పెడల్‌ను ముట్టకయే వాయింపవచ్చును. మూడవది, ఆరు తీగలు కలిపి మీటినను ఒక్కొక్క తీగ వేరుగా వినబడవలెను.

4. మూడు ప్రసిద్ధమైన మాదిరులు

ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ 1979లో టిఎస్‌808 అను పేరుతోను, 1982లో టిఎస్‌9 అను పేరుతోను వచ్చినది. అమెరికా గిటారిస్టు స్టీవీ రే వాన్ దీనిని వాడి పేరు తెచ్చెను. ఇది లోతు స్వరములను తగ్గించి, సుమారు 720 హెర్ట్‌జ్ ప్రాంతమునగల మధ్య స్వరములను ముందుకు తెచ్చును. బేస్ గిటారు, డ్రమ్సు, కీబోర్డు అన్నియు ఉన్న బృందములో గిటారు మునిగిపోకుండ కాపాడును. అయితే ఆ మధ్య ప్రాంతమే పాడువారి కంఠములకును స్థానము. లెవెల్ ఎక్కువైనచో మాటలపై కూర్చుండును.

బాస్ కంపెనీవారి ఎస్‌డి–1 1981లో వచ్చినది. ఇదియు అట్టి స్వభావము గలదే. దీనిలో తరంగపు పైకొనను, క్రిందికొనను సమానముగా కత్తిరింపరు గనుక స్వరము కొంచెము వేరుగా పలుకును.

అదే కంపెనీవారి బ్లూస్ డ్రైవర్ బిడి–2 1995లో వచ్చినది. ఇది లోతు స్వరములను అంతగా తగ్గింపదు. వ్రేళ్ల బలమును బాగుగా అనుసరించును. పైస్వరములు వాడిగా ఉండును గనుక టోన్ నాబును గడియారములో 10 గంటల ముల్లు చూపు చోట, లేక ఇంకను క్రిందికి ఉంచుట మేలు.

మా బృందములో బేస్ గిటారు లేదు. ట్యూబ్ స్క్రీమర్ తగిలించినప్పుడు మా గిటారు పలుచబడెను. బ్లూస్ డ్రైవర్ నిండుగా పలికెను. బేస్ గిటారు, డ్రమ్సు ఉన్న సంఘమునకు మొదటి రెండింటిలో ఒకటి తగియుండవచ్చును. ఇదే మాదిరిలో తక్కువ వెలకు ఇతర కంపెనీలు చేసినవి కూడ ఉన్నవి. పేరు చూచి కాదు, పై మూడు గుర్తులు చూచి కొనవలెను.

5. నేరుగా మిక్సర్‌కు తగిలింపరాదు

మా మొదటి ఆదివారపు రొదకు ముఖ్య కారణము ఇదే. గిటారు యాంప్లిఫయర్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్‌జ్ పైనున్న స్వరములను చాలవరకు ఆపివేయును. కత్తిరింపు వలన పుట్టిన గరుకుతనము అక్కడ వడకట్టబడును. మైకు సెట్టు స్పీకర్లు ఆ గరుకునంతటిని వినిపించును. కాబట్టి పెడల్‌ను చిన్న గిటారు యాంప్లిఫయర్‌కు తగిలించి, దాని యెదుట మైకు పెట్టవలెను. లేనియెడల గిటారు స్పీకర్ పనిని అనుకరించు క్యాబ్ సిమ్యులేటర్ అను పెట్టెను నడుమ ఉంచవలెను. యాంప్లిఫయర్ లేని సంఘము పెడల్‌కంటె ముందు దీనినిగూర్చి ఆలోచించుట మంచిది. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది ఇట్టి చిన్న పనులకును వర్తించును.

6. కరెంటు, బ్యాటరీ

ఇట్టి పెడల్లు ఎక్కువగా 9 వోల్టులపై నడచును. ఎలిమినేటర్ కొనునప్పుడు దాని పిన్ను మధ్య భాగము నెగెటివ్‌గా ఉన్నదో లేదో, పెడల్‌పైని గుర్తుతో సరిచూడవలెను. తారుమారైనచో పెడల్ చెడిపోవచ్చును. చౌక ఎలిమినేటర్లు హమ్ అను గుంయిశబ్దము కలుగజేయును. పెడల్ ఆ శబ్దమును పెంచును. త్రీ పిన్ ప్లగ్గుకు ఎర్త్ సరిగా ఉన్నదా అని ఎలక్ట్రీషియన్‌చేత చూపించుకొనుడి. బ్యాటరీ వాడువారు ఆరాధన కాగానే గిటారు కేబుల్‌ను పెడల్‌నుండి ఊడదీయవలెను. స్విచ్ ఆపినను, కేబుల్ తగిలియున్నంతసేపు బ్యాటరీ ఖర్చగుచునే యుండును.

7. మన పరీక్ష

అంగడిలో విని కొనకుడి. వీలైతే ఎరువు తెచ్చి, మన గిటారుతో, మన యాంప్లిఫయర్‌తో, మన మందిరములోనే వినుడి. బృందము ఒక కీర్తన పాడుచుండగా సంఘ పెద్ద ఒకరు వెనుక బల్లపై కూర్చుండి, ఆ పాట ఎరుగని ఒకరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. చరణపు మాటలు అతడు తిరిగి చెప్పగలిగితే పెడల్ సరిపడినది. చెప్పలేకపోతే మొదట లెవెల్, తరువాత డ్రైవ్ తగ్గించుడి. అప్పటికిని కానిచో ఆ పెడల్ మనది కాదు. వాద్యము పలికినదేమో వినువారికి తెలియనప్పుడు ప్రయోజనమేమని అపొస్తలుడైన పౌలు అడిగిన ప్రశ్నకు ఇదే మన జవాబు.

పరభాషల నడుమ నివసించు మనకు ఇది మరి ముఖ్యము. మన పిల్లలలో అనేకులకు తెలుగు వాక్యము చెవిద్వారానే చేరుచున్నది. ఆ మాటలను కప్పు శబ్దము మనకు వద్దు. ఆ మాటల యొద్దకు పిల్లలను తెచ్చు గిటారును వెలివేయుటయు వద్దు. మా కుర్రవాడు తిరిగి వాయించుచున్నాడు. డ్రైవ్ నాబు ఎంత తిప్పవలెనో ఇప్పుడు మేము చెప్పనక్కరలేదు. మాటలు వినుచు తానే తగ్గించుకొనుచున్నాడు. మొదటి దినముననే ఆజ్ఞాపింపక, అతనితో కూర్చుండి నేర్చుకొనియుండవలసినది. కమిటీలలోని మా తోటి పెద్దలు మావలె ఆలస్యము చేయకుందురుగాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన బృందములో బేస్ గిటారు ఉన్నదా? దానినిబట్టి ఏ మాదిరి పెడల్ తగును?
2. మన గిటారు యాంప్లిఫయర్‌కు తగిలియున్నదా, నేరుగా మిక్సర్‌కు తగిలియున్నదా?
3. వెనుక బల్లపై కూర్చున్నవారికి కీర్తన మాటలు వినబడుచున్నవా? చివరిసారి ఎవరిని అడిగితిమి?
4. మనము అడ్డగించినందున వెనుక బల్లకు పోయిన యౌవనస్థులు ఎవరైన ఉన్నారా? వారియొద్దకు ఎవరు వెళ్లుదురు?