కంపెనీ నడుపుతూ రాసేవారికి

బెంగళూరు పక్కన హొసకోటె పారిశ్రామిక వాడలో మెషిన్ షాపు నడుపుతూ, ఆ పని గురించే తెలుగులో రాస్తూ వయసు పైబడింది. ఈమధ్య వీడియోలూ చేస్తున్నాను. కొత్తగా కంపెనీలు పెట్టిన పిల్లలు వచ్చి, "రెండూ ఎలా కుదురుతున్నాయి సార్?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

1. ముందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితం చదవండి. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారు. ఆంధ్రపత్రిక పెట్టింది 1908లో, అంటే వ్యాపారం మొదలైన 15 ఏళ్లకు. మొదట అది వారపత్రిక. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. తలనొప్పి మందు వ్యాపారం నిలదొక్కుకున్నాకే ఆయన అచ్చు పని తలకెత్తుకున్నారు. మొదటి ఆర్డరైనా సరిగా పంపకముందే నాయకత్వం మీద ఉపన్యాసాలిచ్చే కుర్రాళ్లను చూస్తే నాకు బెంగగా ఉంటుంది.

2. రాతకు వేళ పెట్టుకోండి. నేను తెల్లవారుజామున, మొదటి షిఫ్టు రాకముందు రాస్తాను. జీతాల రోజున, లోడు బయల్దేరే రోజున కలం ముట్టను.

3. మీరు రాసింది మీ దగ్గర ఎప్పుడూ ఏమీ కొననివాడికి కూడా పనికిరావాలి. నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. లేత్ మీద స్టెయిన్‌లెస్ స్టీలు తిప్పేటప్పుడు చిప్ తెగకుండా దారంలా జాబ్‌కు చుట్టుకుంటోందనుకోండి. ఫీడ్ కొద్దిగా పెంచి చూడమని, దానికి తగిన చిప్‌బ్రేకర్ ఉన్న ఇన్సర్ట్ వేయమని రాయండి. చుట్టుకున్నదాన్ని చేత్తో లాగితే వేళ్లు తెగుతాయని, మెషిన్ ఆపి కొక్కెంతో తీయాలని కూడా చెప్పండి. అలాంటిది రాస్తే మాలూరు నుంచో నరసాపుర నుంచో ఎవరో ఆపరేటర్ ఫోన్ చేసి ఇంకో సందేహం అడుగుతాడు. "నాణ్యతే మా ఊపిరి" అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. పంతులుగారినే చూడండి, తన ఆంధ్ర గ్రంథమాలలో 1926లో బసవపురాణం అచ్చు వేయించారు. దానివల్ల ఒక్క అమృతాంజనం సీసా అయినా ఎక్కువ అమ్ముడుపోతుందని ఆశపడి ఉంటారా? కన్నడనాట పుట్టిన బసవేశ్వరుడి కథను పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో చెప్పిన పుస్తకం అది. కన్నడ, తెలుగు కలిసి బతికే మా ఊళ్లో బసవేశ్వరుడి పేరు చెబితే పెద్దవాళ్ల ముఖాలు వెలుగుతాయి.

4. కస్టమర్ డ్రాయింగు, రేటు, పార్టు ఫోటో బయటపెట్టకండి. ఒక్కసారి నమ్మకం పోతే ఎంత రాసినా తిరిగి రాదు.

5. షాపులో మాట్లాడుకునే భాషలోనే రాయండి. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బిల్లు మీద ఇంగ్లీషు. ఆపరేటర్ "టూల్ పోయింది" అంటాడు కాబట్టి నేనూ అదే రాస్తాను.

6. అంతా ఒంటిచేత్తో చేయాలని చూడకండి. 1947 జులైలో పిల్లల పత్రిక చందమామ పెట్టినప్పుడు నాగిరెడ్డిగారికి తోడు చక్రపాణిగారున్నారు. తర్వాత కొడవటిగంటి కుటుంబరావుగారు ఏళ్ల తరబడి ఆ పత్రికలో కూర్చుని కథలు దిద్దారు. కథ చూడగలవాళ్ల చేతిలో కథ ఉండబట్టే ఆ పత్రిక అన్ని ఇళ్లలోకి వెళ్లింది. మీరూ కెమెరా, ఎడిటింగు, అచ్చుతప్పులు దిద్దడం తెలిసినవాళ్లకు అప్పజెప్పండి. అనుభవాన్ని మాత్రం కొని తెచ్చి మీ పేరు పెట్టుకోకండి. షాపులో అడుగుపెట్టనివాడు మీ పేరుతో రాసిస్తే, రెండో వాక్యంలోనే మీ మనుషులు పట్టేస్తారు.

7. ఈ వారం మీ దగ్గర ఏదో ఒక మెషిన్ ఆగే ఉంటుంది. ఎందుకు ఆగిందో, ఎవరు బాగుచేశారో, ఎలా చేశారో ఒక పేజీ రాయండి. బాగుచేసిన మనిషికే ముందు చదివి వినిపించండి. అతను "సరిగ్గా ఇలాగే జరిగింది" అంటే, అతని పేరు కూడా వేసి బయటపెట్టండి.